జలాంతర్గామిలో మనసు: లోతు కంటే బరువైనవి

అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో కొన్ని దశాబ్దాల పాటు రోజుకు 18 గంటలే ఉండేవి. ఆరు గంటలు వాచ్‌లో, అంటే వంతు ప్రకారం కాపలా, పని విధిలో నిలబడాలి. ఆ తరువాతి పన్నెండు గంటల్లోనే యంత్రాల మరమ్మతులు, అగ్నిప్రమాద అభ్యాసాలు, అర్హత పరీక్షల చదువు, భోజనం, స్నానం, నిద్ర అన్నీ ముగించుకుని మళ్లీ ఆరు గంటల వాచ్‌కు హాజరు కావాలి. అర్ధరాత్రి పన్నెండింటికి వాచ్ ఎక్కిన నావికుడి తదుపరి వాచ్ అదే రోజు సాయంత్రం ఆరింటికి, ఆపైది మరునాటి మధ్యాహ్నం పన్నెండింటికి, ఆ తరువాతది మూడవ రోజు ఉదయం ఆరింటికి మొదలయ్యేది. బయటి ప్రపంచంలో మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచేసరికి లోపల నాలుగు 'రోజులు' పూర్తయ్యేవి. వేళ చెప్పడానికి కిటికీ లేదు, ఎండ లేదు. భోజనశాలలో అల్పాహారం పెడుతున్నారా, రాత్రి భోజనం పెడుతున్నారా అన్నదాన్ని బట్టి బయట పగలో రాత్రో ఊహించుకోవలసిందే.

జలాంతర్గామి సిబ్బంది మానసిక స్థితి అనగానే బయటివారికి ముందుగా తట్టేవి ఇరుకు, చీకటి, తల మీద వందల మీటర్ల నీరు. ఆ భయాలు కల్పితాలేమీ కావు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ జలాంతర్గాములైన యు-బోట్ల నావికులు 'బ్లెష్‌కొల్లర్' అనే మాట వాడేవారు. రేకు డబ్బాలో ఇరుక్కున్న మనిషికి పట్టే ఉన్మాదం అని దాని భావం. ఆ దళంలో పనిచేసిన సుమారు 40,000 మందిలో దాదాపు 30,000 మంది తిరిగి రాలేదని తలచుకుంటే ఆ మాట ఎక్కడ నుంచి పుట్టిందో వివరించనక్కరలేదు. అయితే నేటి శాంతికాలపు గస్తీలో మనిషిని కొద్దికొద్దిగా కుంగదీసేవి చాలావరకు ఇంతకంటే సాదాసీదా విషయాలు: తెగిపోయిన నిద్ర, అందని ఇంటి కబురు, తనకు బాగాలేదని చెప్పుకుంటే ఉద్యోగం ఏమవుతుందోనన్న బెరుకు. ఈ మూడింటిలోనూ సముద్రం పాత్ర కంటే మనుషులు రాసుకున్న నియమాల పాత్రే ఎక్కువ అని నా అభిప్రాయం.

లోతు భయం వెనక్కి తగ్గడానికి వడపోతే మొదటి కారణం. అమెరికాలో జలాంతర్గామి సేవ స్వచ్ఛందం. కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రోటన్ శిక్షణ పాఠశాలకు వచ్చినవారికి వైద్య పరీక్షలతో పాటు 1980ల నుంచి 'సబ్‌స్క్రీన్' అనే మానసిక ప్రశ్నావళి కూడా పెడుతున్నారు. మూసిన గదిలో నిలవలేనివారు, ఒత్తిడి పెంచిన గదుల్లోనూ నీటి బురుజుల్లోనూ ఇచ్చే తప్పించుకునే శిక్షణను భరించలేనివారు చాలావరకు అక్కడే ఆగిపోతారు. ఈ వడపోత ఒక స్వభావాన్ని బయటికి పంపినట్లే ఇంకో స్వభావాన్ని ఏరి లోపలికి తెస్తుంది. తన బాధను తనలోనే దిగమింగుకుని పని చేసుకుపోగల స్వభావం అది. గస్తీ సాగినన్నాళ్లూ అది అక్కరకు వస్తుంది. సాయం అడగవలసిన రోజు వచ్చినప్పుడు అదే అడ్డం నిలుస్తుంది.

నిద్ర సంగతి కొంత విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో అత్యంత స్పష్టమైన ఆధారాలు ఉన్నది ఇక్కడే. మనిషి దేహంలోని జీవ గడియారం సగటున 24 గంటలకు కొద్ది నిమిషాలు ఎక్కువగా నడుస్తుంది. ప్రతిరోజూ కంటిలో పడే పగటి వెలుగే దానిని 24 గంటలకు సరిదిద్దుతుంది. దానిని కాస్త సాగదీయవచ్చు, కాస్త కుదించవచ్చు. కానీ 18 గంటలకు కుదించడం సాధ్యం కాదు. నిద్ర పరిశోధనకు ఆద్యుడనదగిన నథానియేల్ క్లైట్‌మన్ 1938లో ఒక సహచరుడితో కలిసి కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, 28 గంటల రోజుకు దేహం అలవాటు పడుతుందో లేదో తన మీదే పరీక్షించుకున్నాడు. వయసులో చిన్నవాడైన సహచరుడు ఆ లయలోకి ఒదిగాడు గానీ క్లైట్‌మన్ దేహం మాత్రం 24 గంటల లయనే పట్టుకుని వేలాడింది. యుద్ధం ముగిశాక అదే క్లైట్‌మన్ జలాంతర్గామి సిబ్బంది నిద్రవేళలను కూడా అధ్యయనం చేసి, దేహ లయకు సరిపడే వాచ్ పద్ధతులను సూచించాడు. ఆ సూచనలు ఆచరణలోకి రాలేదు సరికదా, అణు జలాంతర్గాముల కాలంలో 18 గంటల పద్ధతి స్థిరపడిపోయింది. పరిపాలనా సౌలభ్యం శరీరధర్మాన్ని ఇంతకాలం ఎలా వాయిదా వేయగలిగిందో ఆలోచించదగ్గదే.

1999లో వెలువడిన ఒక అధ్యయనం 18 గంటల పద్ధతిలో పనిచేస్తున్న నావికుల దేహంలో మెలటోనిన్ హెచ్చుతగ్గులను కొలిచింది. నిద్రవేళను దేహానికి తెలియజేసే హార్మోన్ ఇది. వాచ్ పట్టిక 18 గంటలకోసారి తిరుగుతున్నా మెలటోనిన్ మాత్రం 24 గంటలకు కొద్దిగా మించిన సొంత లయలోనే తిరుగుతున్నట్లు తేలింది. అంటే దేహానికి నడిరాత్రి అయిన వేళ నావికుడు రియాక్టర్ నియంత్రణ ఫలకం ముందు కూర్చోవలసి వచ్చేది, దేహం మెలకువ కోరుతున్న వేళ పడక ఎక్కవలసి వచ్చేది. ఇలాంటి నిద్ర గంటల లెక్కకు సరిపోయినా లోతుకు, నాణ్యతకు సరిపోదు. వారాల తరబడి సాగితే చిరాకు, మతిమరుపు, ఏ విషయం మీదా ఆసక్తి లేకపోవడం మొదలవుతాయి. ఇవి కుంగుబాటు లక్షణాలను ఎంతగా పోలి ఉంటాయంటే, ఒక నావికుడికి ఉన్నది నిద్రలేమా, మనోవ్యాధా అని వేరు చేయడం అనుభవజ్ఞుడైన వైద్యుడికి కూడా సులభం కాదు. 2014లో యూఎస్ఎస్ స్క్రాంటన్ అనే అమెరికా జలాంతర్గామి తన సుదీర్ఘ సముద్రయానాన్ని 24 గంటల పట్టికతో నడిపింది. ఆ తరువాత ఎనిమిది గంటల వాచ్‌లతో కూడిన ఆ పద్ధతి మిగతా జలాంతర్గాములకూ వ్యాపించింది. బ్రిటిష్ జలాంతర్గాముల్లో ఆరు గంటలు పని, ఆరు గంటలు విరామం అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. అందులో రోజు 24 గంటలే అయినా, ఒకే విడతలో తనివితీరా నిద్రపోయే అవకాశం లేదు.

గాలి విషయంలో ఆధారాలు ఇంత స్పష్టంగా లేవు. బయటి వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలు ఉంటే, మునిగి ఉన్న జలాంతర్గామిలో అది కొన్ని వేల భాగాలు ఉండడం మామూలే. ఆక్సిజన్‌ను నీటి విద్యుద్విశ్లేషణతో తయారు చేసుకుంటారు, కార్బన్ డయాక్సైడ్‌ను అమైన్ రసాయనంతో పీల్చివేస్తారు. ఆ రసాయనపు వాసన బట్టలకు పట్టి నావికుడితో పాటు ఇంటి దాకా వస్తుంది. 1953లో 'ఆపరేషన్ హైడౌట్' పేరిట యూఎస్ఎస్ హాడాక్ అనే జలాంతర్గామిలో కొందరు నావికులను 1.5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో 42 రోజులు ఉంచి చూశారు. పని చేయగలిగారు గానీ దేహ రసాయన సమతౌల్యంలో మార్పులు కనిపించాయి. సాధారణ ప్రజల మీద 2012లో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం 2,500 భాగాల స్థాయిలోనే నిర్ణయ సామర్థ్యం తగ్గింది. జలాంతర్గామి నావికుల మీద 2018లో జరిగిన మరో అధ్యయనంలో 15,000 భాగాల వద్ద కూడా అలాంటి తగ్గుదల కనబడలేదు. అలవాటు వల్లనా, ఎంపిక వల్లనా అన్నది ఇంకా తేలని ప్రశ్న.

గాలి, వేడి, నిద్ర, సమాచార లోపం ఒకేసారి మీద పడితే ఏమి జరగవచ్చో 1962 అక్టోబరు 27న, క్యూబా క్షిపణి సంక్షోభం నడుస్తుండగా, ఆ దేశం సమీపంలో బి-59 అనే సోవియట్ డీజిల్ జలాంతర్గామిలో కనిపించింది. బ్యాటరీలు దాదాపు అడుగంటాయి, శీతలీకరణ దెబ్బతిని లోపలి వేడి 45 డిగ్రీలు దాటింది, కార్బన్ డయాక్సైడ్ పెరిగి నావికులు సొమ్మసిల్లుతున్నారు, మాస్కోతో సంబంధాలు లేవు. పైన అమెరికా యుద్ధనౌకలు హెచ్చరికగా చిన్న పేలుడు పదార్థాలు జారవిడుస్తున్నాయి. యుద్ధం మొదలైపోయిందని భావించిన కెప్టెన్ వాలెంటిన్ సావిట్‌స్కీ అణు టార్పెడోను సిద్ధం చేయమని ఆదేశించినట్లు ఆ జలాంతర్గామిలోనే ఉన్న అధికారి వాదిమ్ ఓర్లోవ్ తరువాత చెప్పాడు. అదే జలాంతర్గామిలో ప్రయాణిస్తున్న వాసిలీ అర్ఖిపోవ్ అనే మరో అధికారి అతనికి నచ్చజెప్పి ఉపరితలానికి తేలేలా ఒప్పించాడు. దీనిని ఒక మనిషి ధైర్యగాథగా చెప్పుకోవడం పరిపాటి, అది న్యాయమే. మానసిక ఒత్తిడి కోణంలో చూసినప్పుడు మాత్రం, సావిట్‌స్కీ పిచ్చివాడు కాడన్న సంగతే ఎక్కువగా కలవరపెడుతుంది. శిక్షణ పొందిన, వడపోతలో నెగ్గిన కెప్టెన్ కూడా ఆ గాలిలో, ఆ వేడిలో ఆ నిర్ణయం అంచు దాకా వెళ్లాడు.

ఇక మనుషుల మధ్య మనిషి. అమెరికాకు చెందిన, అణు క్షిపణులు మోసే ఒహాయో తరగతి జలాంతర్గామిలో సుమారు 155 మంది ఉంటారు. క్షిపణి గొట్టాల మధ్య ఇరికించిన గదుల్లో తొమ్మిదేసి మందికి పడకలు. దాడికి వాడే చిన్న జలాంతర్గాముల్లో పడకలు చాలక, వాచ్‌కు వెళ్లినవాడి పడక ఇంకా చల్లారకముందే వాచ్ దిగినవాడు అందులోకి దూరే పద్ధతి కూడా ఉంది. ఒంటరితనం ఇక్కడ వింతగా ఉంటుంది. మనిషి క్షణమైనా ఒంటరిగా ఉండలేడు, అలాగని మనసు విప్పి మాట్లాడుకునే చాటు కూడా దొరకదు. ఒకరు గొంతు సవరించుకునే తీరు, ఒకరు చెంచాతో పళ్లెం గీకే చప్పుడు అరవయ్యవ రోజుకు భరించలేనివిగా మారతాయి. హాస్యం, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఈ రాపిడికి పాత మందు. అయితే ఆ హాస్యం ఎవరి మీద పడుతుందన్నదాన్ని బట్టి మందే విషం కావచ్చు. అర్హత సాధించినవారికి ఇచ్చే డాల్ఫిన్ల బ్యాడ్జిని ఇంకా సంపాదించుకోని కొత్తవారు వాచ్ ముగిశాక కూడా ప్రతి వ్యవస్థనూ నేర్చుకుంటూ, సీనియర్ల సంతకాల కోసం తిరుగుతూ నిద్రను మరింత కోల్పోతారు. అమెరికా 2010లో, బ్రిటన్ ఆ తరువాత మహిళలకు జలాంతర్గామి సేవను తెరిచాయి. తమ జలాంతర్గామి దళంలో మహిళలు ఎదుర్కొన్న వేధింపులకు బ్రిటిష్ నౌకాదళాధిపతి 2024లో బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. వేధించినవాడి పక్క గదిలోనే నెలల తరబడి మునిగి ఉండవలసిన పరిస్థితి భూమి మీది ఏ కార్యాలయంలోనూ ఉండదు.

నిద్ర తరువాత నేను ఎక్కువ బరువు ఇచ్చేది ఇంటి కబురుకు. క్షిపణి జలాంతర్గామి ఉనికి రహస్యం కనుక అది సందేశాలు అందుకుంటుందే తప్ప పంపదు. బ్రిటిష్ నౌకాదళంలో వారానికోసారి ఇంటివారు పంపే చిన్న సందేశాన్ని 'ఫ్యామిలీగ్రామ్' అంటారు. ఒకప్పుడు దానికి 40 మాటల పరిమితి ఉండేది, తరువాత 120 మాటలకు పెరిగింది. దానిని ఒడ్డున ఉన్నవారు ముందు చదువుతారు, జలాంతర్గామిలోని అధికారులు మళ్లీ చదువుతారు, ఆ తరువాతే నావికుడి చేతికి వస్తుంది. బదులు రాయడానికి వీలు లేదు. చెడు కబుర్లను గస్తీ ముగిసేదాకా ఆపడం ఆనవాయితీ. ఇంట్లో ఎవరైనా పోతే తమకు వెంటనే చెప్పాలా, తిరిగి వచ్చాక చెప్పాలా అన్నది బయలుదేరే ముందే నావికులను అడిగి తెలుసుకుంటారు. వెంటనే చెప్పినా వెనక్కి పంపలేరు, బాధలో ఉన్నవాడు యంత్రం ముందు తప్పు చేయవచ్చు అన్నది దీని వెనుక తర్కం. తర్కంలో లోపం లేదు. కానీ చెడు కబురు ఆపుతారని తెలిసినవాడికి మంచి కబురు కూడా పూర్తి ధైర్యం ఇవ్వదు. 'అందరం క్షేమం' అన్న మాటలో ఏది వడకట్టగా మిగిలిందో అని వెతకడం మొదలవుతుంది. కెప్టెన్ తనతో మామూలుకంటే మృదువుగా మాట్లాడితే, అందులో కూడా ఏదో అర్థం ఉందేమోనని అనుమానం పుడుతుంది.

తిరిగి రావడంతో కథ ముగియదు. గ్రోటన్ స్థావరంలో నావికుల కుటుంబాలను చూసిన మనోవైద్యుడు రిచర్డ్ ఐసే 1968లో 'జలాంతర్గామి నావికుల భార్యల లక్షణ సముదాయం' గురించి రాశాడు. భర్త వెళ్లినప్పుడు కాకుండా తిరిగి వచ్చే రోజుల్లో భార్యలు కుంగుబాటుకు లోనవుతున్నారన్నది ఆయన గమనించిన విచిత్రం. రెండు మూడు నెలలు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆ పగ్గాలను మళ్లీ పంచుకోవాలి. దిగమింగిన కోపం ఎదురుగా మనిషి కనిపించాకే బయటపడుతుంది. ఆ పేరులో భార్యలనే రోగులుగా చూసే ఆ కాలపు ధోరణి ఉందనుకోండి, పరిశీలన మాత్రం నేటికీ పనికొస్తుంది. అమెరికా క్షిపణి జలాంతర్గాములకు 'బ్లూ', 'గోల్డ్' అని రెండేసి సిబ్బంది బృందాలు ఉంటాయి కనుక ఒక బృందం సగటున 77 రోజుల గస్తీ ముగించి వస్తే, ఓడరేవు మరమ్మతుల తరువాత రెండవ బృందం బయలుదేరుతుంది. కుటుంబం ఒక లయకు అలవాటు పడేలోపే ఆ లయ మళ్లీ మారుతుంది.

ఇన్ని కారణాలు ఉన్నా అధికారిక లెక్కల్లో జలాంతర్గామి నావికుల మనోవ్యాధులు చాలాకాలం తక్కువగానే కనిపించాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో 52 జలాంతర్గాములను పోగొట్టుకున్న అమెరికా దళంలో కూడా మానసిక కారణాలతో సేవకు పనికిరాకుండా పోయినవారి సంఖ్య స్వల్పమని యుద్ధానంతర నివేదికలు చెప్పాయి. వడపోత, జట్టు బంధం దీనికి కొంత కారణం కావచ్చు. లెక్కించిన తీరు కూడా కారణమేనని నేను అనుకుంటాను. అమెరికా జలాంతర్గాముల్లో వైద్యుడు ఉండడు; ప్రత్యేక శిక్షణ పొందిన ఒకే ఒక్క వైద్య సహాయకుడు ఉంటాడు, అతడూ అదే భోజనశాలలో అదే బల్ల దగ్గర కూర్చునేవాడే. అణ్వాయుధాల దగ్గర పనిచేసేవారి విశ్వసనీయతను నిరంతరం అంచనా వేసే నియమాల ప్రకారం, మానసిక చికిత్స కోరినవారిని ఆ విధుల నుంచి తాత్కాలికంగానైనా తప్పించవచ్చు. తప్పించిన మనిషి వాచ్, దానిని వంతుల వారీగా పంచుకునే మిగతా ఇద్దరి మీద పడుతుంది. కాబట్టి మాట్లాడడం అంటే తన ఉద్యోగాన్ని పందెం కాయడమే కాదు, స్నేహితుల నిద్రను కూడా లాక్కోవడం. గస్తీ మధ్యలో ఎవరినైనా ఒడ్డుకు చేర్చాలంటే జలాంతర్గామి తన రహస్యాన్ని వదులుకోవాలి, అందుకే చాలామంది గస్తీ ముగిసేదాకా పళ్ల బిగువున నెట్టుకొస్తారు, ఓడరేవుకు వచ్చాక కూలబడతారు. అనుకోకుండా దళం వదిలి వెళ్లేవారి కారణాల్లో మానసిక సమస్యలు ప్రధానమైన వాటిలో ఒకటని నౌకాదళ వైద్య పరిశోధకులే గుర్తించారు.

ఓడరేవు మాట వచ్చింది కనుక చెప్పాలి: మరమ్మతుల కోసం ఒడ్డున నిలిచిన కాలం విశ్రాంతి కాలం కాదు. పనిగంటలు ఎక్కువ, సముద్రయానం ఇచ్చే గర్వం లేదు, ముగింపు తేదీ జరుగుతూ ఉంటుంది. 2019 డిసెంబరు 4న పెర్ల్ హార్బర్ నౌకా మరమ్మతు కేంద్రంలో, డ్రై డాక్‌లో (నీరు తోడేసిన మరమ్మతు రేవులో) ఉన్న ఒక జలాంతర్గామి కాపలా విధిలోని నావికుడు ముగ్గురు పౌర ఉద్యోగులను కాల్చి, తననూ కాల్చుకున్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు మరణించారు. అతడు అప్పటికే మానసిక సలహాదారులను కలుస్తున్నాడు, అయినా ఆయుధం అతని చేతిలోనే ఉంది. ఆయుధాలు ధరించే కాపలావారి మానసిక స్థితిని తనిఖీ చేసే నియమాలను ఆ తరువాత బిగించారు.

ప్రమాదాల తరువాతి గాయం వేరే జాతిది. 2005 జనవరి 8న పసిఫిక్‌లోని గువామ్ దీవికి ఆగ్నేయంగా యూఎస్ఎస్ శాన్ ఫ్రాన్సిస్కో సముద్రగర్భ పర్వతాన్ని పూర్తి వేగంలో ఢీకొన్నప్పుడు ఒకరు మరణించారు, 90 మందికి పైగా గాయపడ్డారు. భూమి మీద ప్రమాదం జరిగితే బతికినవారిని అక్కడి నుంచి తరలిస్తారు. ఇక్కడ గాయపడినవారే ఆ చితికిన ముక్కుతో ఉన్న జలాంతర్గామిని తేలుతూ ఉంచి, అందులోనే తిని, అందులోనే పడుకుని రేవుకు చేర్చుకోవాలి.

ఉపశమనాల్లో పెద్దవి ఖరీదైన పరికరాలేమీ కావు. 24 గంటల వాచ్ పట్టిక ఒకటి. మనస్తత్వ నిపుణులను దూరపు ఆసుపత్రుల్లో కాకుండా జలాంతర్గాముల స్థావరాల్లోనే, నావికులకు ముఖపరిచయం ఉండేలా నియమించడం ఇంకొకటి. తన పై అధికారికి కారణం చెప్పకుండానే మానసిక పరీక్ష కోరే హక్కును అమెరికా సైనికులకు 2021 నాటి బ్రాండన్ చట్టం ఇచ్చింది. ఇవన్నీ సాయం అడగడానికి చెల్లించవలసిన మూల్యాన్ని తగ్గించే ప్రయత్నాలు, అందుకే శ్వాస వ్యాయామాల గోడపత్రాల కంటే వీటి మీద నాకు ఎక్కువ నమ్మకం. సిబ్బంది తమకు తాముగా కనిపెట్టుకున్న ఉపాయం ఒకటుంది: గస్తీ సరిగ్గా సగం పూర్తయిన రాత్రి జరుపుకునే వేడుక. ఆ రాత్రి అధికారులు వడ్డిస్తారు, నాటికలు వేస్తారు, కొత్తవాడు కెప్టెన్‌ను వెక్కిరించినా చెల్లుతుంది. ఏకాంత వాసంలో సగం దాటాక, మూడవ పాదంలో ఉత్సాహం పడిపోతుందని 1991లో అంటార్కిటికా వంటి చోట్ల పనిచేసేవారి గురించి ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. తరువాతి అధ్యయనాలు దానిని అన్ని చోట్లా నిర్ధారించలేదు గానీ, ఆ ప్రతిపాదనకు ఎంతో ముందే నావికులు ఆ వేడుకను సరిగ్గా ఆ మలుపులోనే పెట్టుకున్నారు.

బ్రిటన్‌లో ఆ వేడుకకే చిక్కు వచ్చిపడింది. అక్కడి నాలుగు క్షిపణి జలాంతర్గాముల్లో ఒకటైన హెచ్ఎంఎస్ వాన్‌గార్డ్ 2015 చివరలో మరమ్మతులకు వెళ్లి 2023లో గానీ బయటికి రాలేదు. ఎప్పుడూ ఒక జలాంతర్గామి గస్తీలో ఉండి తీరాలన్న విధానాన్ని 1969 నుంచి పాటిస్తున్నారు కనుక ఆ లోటును మిగతావాటి సిబ్బంది పూడ్చవలసి వచ్చింది. ఒకప్పుడు మూడు నెలల్లోపు ముగిసే గస్తీలు ఇటీవలి సంవత్సరాల్లో ఐదు నెలలు దాటుతున్నాయి. పట్టికలో గంటలు మార్చడం కెప్టెన్ చేతిలో ఉంది. బదులుగా వచ్చే జలాంతర్గామి ఎప్పుడు సిద్ధమవుతుందన్నది మరమ్మతు కేంద్రం చేతిలో ఉంది. తిరిగి వెళ్లే తేదీ జరుగుతూ ఉన్నప్పుడు గస్తీ సగం పూర్తయ్యే రాత్రి ఏదో లోపలివారికి తెలియదు. కొందరు ఆ వేడుక జరుపుకుని ముగించాక, ఆ రాత్రికి గస్తీ సగం కాలేదని వారాల తరువాత తెలుసుకుంటారు.